చిట్టి పంజరంలో యాదగిరి బనీను

1994. ఉప్పల్‌లో నా పశువైద్య క్లినిక్‌కు ఎక్కువగా బర్రెలు, కుక్కలు వచ్చేవి. ఆ వానాకాలం నాచారంలోని ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా పనిచేసే యాదగిరి, భార్య సుగుణతో కలిసి ఒక పంజరం తెచ్చాడు. లోపల ఉడుతంత ప్రాణి. పెద్ద నల్లటి కళ్ళు, ముందుకాలి నుంచి వెనుకకాలి దాకా సాగే చర్మం. చెట్టు నుంచి చెట్టుకు గాలిలో తేలుతూ పోయే షుగర్ గ్లైడర్. ఓడలో పనిచేసే తమ్ముడు ఇండోనేషియా నుంచి తెచ్చాడట. పేరు చిట్టి.

జబ్బేమిటని అడిగితే యాదగిరి కట్టు కట్టిన వేలు చూపించాడు.

"జబ్బు దానికి కాదు సార్, నాకు. తమ్ముడు నాకని తెచ్చిండు. ఇదేమో ఈమె కొంగుల పంటది, నన్ను జూస్తే కరుస్తది. తేనె కొని తెచ్చేది నేను, పిల్ల ఈమెది. ఒక సూది ఏసి జర మెత్తగ జెయ్యున్రి."

"గద్దిస్తే ఎవరొస్తరు?" అని సుగుణ నవ్వింది.

"దసరా దాక జూస్త. అప్పటికీ రాకుంటే అంబర్‌పేట్‌ల మా దోస్తుకు ఇచ్చేస్త."

ఆమె నవ్వు ఆగిపోయింది.

అలాంటి సూది లేదు. హబ్సిగూడ మిత్రుడొకరు తెచ్చిచ్చిన పుస్తకం తిరగేస్తే, ఈ జాతి తనవాళ్ళను వాసనతోనే గుర్తుపడుతుందని తెలిసింది. యాదగిరేమో డ్యూటీ నుంచి రాగానే రుద్ది రుద్ది స్నానం చేసి, రోజుకో అత్తరు పూసుకుని పంజరం ముందు కూర్చునేవాడు. చిట్టికి అతను రోజూ కొత్త మనిషే. జంతువు మనిషిని తనవాడిగా ఒప్పుకోవడాన్ని మేము బాండింగ్ అంటాం. అత్తరు మానేసి, ఒంటి మీద విప్పిన బనీను ఉతక్కుండా పంజరంలో వేయమన్నాను.

వారాలు గడిచాయి. కరవడం తగ్గలేదు.

"నా చెమట గూడ పనికి రాదా సార్?" అన్నాడు యాదగిరి.

ఒక సాయంత్రం నాచారంలో వాళ్ళింటికి వెళ్ళాను. అతను డ్యూటీలో ఉన్నాడు. పంజరంలో బనీను నీలిమందు పెట్టినంత తెల్లగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే సబ్బు వాసన.

"ఉతికారా అమ్మా?"

సుగుణ తల వంచుకుంది. "ఆయనకు ఫ్యాక్టరీ ఉన్నది, దోస్తులున్నరు. ఇంటికి ఎవరొచ్చినా ఆయన కోసమే వస్తరు. ఇదొక్కటి నాకోసం ఉరికొస్తది. గిది గూడ పంచుకోవాల్నా సార్?"

"పంచుకోకపోతే అంబర్‌పేట్ పోతుంది."

ఆమె ఆ తెల్ల బనీను బయటికి తీసేసింది. తర్వాత ఉతకాల్సిన బట్టల్లోంచి అతని బనీను తీసి, మొహం పక్కకు తిప్పుకుని పంజరంలో పెట్టింది. నేనీ సంగతి యాదగిరికి చెప్పలేదు.

దసరా దాటాక అతను చిట్టిని చొక్కా జేబులో పెట్టుకుని వచ్చాడు.

"జూసిన్రా సార్, నేను ఇంట్ల ఉన్నంతసేపు నా జేబులనే."

సుగుణ ఆ జేబు మీంచి చూపు తిప్పలేదు. "ఇగ నన్ను మరిశింది," అంది.

"యాడ మరిశింది? పండేది నీ కొంగులనే గద," అన్నాడు అతను. ఆ గొంతులో సంతోషం సగమే.

అప్పటిదాకా నేను కాటు తిన్న మనిషినే ప్రశ్నలు అడిగేవాణ్ణి. ఆ తర్వాత ఏ పెంపుడు జంతువు వచ్చినా, ఇంట్లో అది ఎవర్ని కరవదో కనుక్కుని, ముందు వాళ్ళతోనే మాట్లాడేవాణ్ణి.