ఎడమకు లాగే జీపు

మా బావ ట్రాక్టరుకు తాడు కట్టి నా జీపును ఏటిలోంచి లాగించిన పొద్దు నాకింకా గుర్తుంది. లాగించడం తప్పని నేనెప్పుడూ అనలేదు. పూలు కోసే ఆడవాళ్లంతా గట్టు మీద నిలబడి చూస్తుంటే, బాగానే పడిన ముడిని తీరిగ్గా విప్పి మళ్లీ కట్టాడు. ఆ రెండో ముడిని నేను మరిచిపోలేదు.

"బామ్మర్దీ, నాలుగు చక్రాలుండి ఏం లాభంరా? ఇసకలో తిరిగేది ఒగిటే గదా," అన్నాడు. "ఆడి కృత్తిక వస్తా ఉండాది. ఇంగొకసారి ఇరుక్కుంటే పూలు వేరేవాని బండికి ఎక్కిస్తా. అక్క తమ్ముడని సుమ్మా చూస్తా కూర్చోలేను."

పొదటూరుపేట దాటి, ఏటికి అవతల మా అక్కావాళ్ల మల్లెతోటలు. తెల్లవారుజామున కోసిన మొగ్గలు ఎండ ముదరకముందే తిరుత్తణి అంగడికి చేరాలి. ఆడి కృత్తిక అక్కడి కొండ మీది సామికి పెద్ద పండగ, పూలకు గిరాకీ అప్పుడే. ఫ్యాక్టరీలో పని పోయాక నాకున్న జీవనాధారం ఆ పూలు మోయడమే. ఏటికి వంతెన లేదు. ఎండాకాలం ఇసుక, వానాకాలం బురద.

ఇరుక్కోవడానికి కారణం నాకు అప్పటికే తెలుసు. రెండు వెనక చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్ అనేది విచిత్రమైన వస్తువు. ఒక చక్రం పట్టు తప్పి గాలిలో తిరుగుతుంటే ఇంజను బలమంతా దానికే పోస్తుంది. గట్టి నేల మీదున్న చక్రానికి ఏమీ దక్కదు. మా ఇంట్లో పంపకాలూ అలాగే జరిగాయి. మెకానిక్ జీపు వెనకభాగం పైకెత్తి, ఒక చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పి చూపించాడు. ఎవరూ ముట్టుకోని రెండోది తనంతట తానే వెనక్కి తిరిగింది. పగటిపూటే అయినా ఆ దృశ్యం నాకు నచ్చలేదు.

రెండు చక్రాలూ కలిసి తిరగాలంటే లాక్ వేయించాలి. స్విచ్ నొక్కితే గాలితో బిగుసుకునే కొత్త రకం ఒకటుంది. అది కొనాలంటే ముందు జీపు అమ్ముకోవాలి. లోపలి పళ్లచక్రాలన్నీ కలిపి వెల్డింగ్ పెట్టేయడం అన్నిటికంటే చవక. కానీ మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి; దాన్ని తిరగనివ్వకపోతే తారురోడ్డు మీద టైర్లు ఈడ్చుకుపోతాయి, ఏదో ఒక రోజు ఇరుసు విరుగుతుంది. తిరుత్తణి కొండ మలుపుల్లో పూలతో సహా దొర్లి, బావ చేత ఇంకో మాట అనిపించుకోవడం నాకిష్టం లేదు. మిగిలింది తనంతట తానే పట్టుకునే రకం. ఇంజను లాగుతుంటే రెండు చక్రాలనూ బిగిస్తుంది, మలుపులో టక్ టక్ మంటూ వదులుతుంది. ఉన్న పెట్టెలోనే అమరుతుంది. పాతదైతే నాకు అందుతుంది.

అది తిరువళ్లూరు బయట, పాత బండ్లు విప్పి అమ్మే చోట దొరికింది. అది ఉన్న పాత జీపు బోర్లించినట్టు పడి ఉంది, చక్రాలు లేవు. యజమాని మా వైపు రైతేనట, పోయిన ఏడాది కాలం చేస్తే భార్య అమ్మేసిందని అంగడాయన చెప్పాడు. ఆయనా తెలుగాయనే. బేరంలో నా ఫ్యాక్టరీ పని పోయిన సంగతి చెప్పాను. బేరం అయ్యాక ఆయన ఒక పని చేశాడు. ఆ జీపు బురదరేకు కింద గట్టిపడిన మట్టిని గీకి, పిడికెడు కాగితంలో చుట్టి నా ముందు పెట్టాడు.

మావాళ్లలో ఆవును కొన్నవాడు దాని పాత కొట్టంలోని మట్టో గడ్డో వెంట తెచ్చుకుంటాడు. తేకపోతే అది తాడు తెంపుకుని పాత ఇంటికే పోతుందంటారు. ఇనుముకు కూడా చేస్తారని నాకు తెలియదు. ఎందుకని అడిగాను.

"గొడ్డును కొన్నోడు వట్టి చేతుల్తో పోతాడా? ఫ్యాక్టరీ వోళ్లకు ఇదంతా యాడ తెలుస్తాదిలే," అని పక్కనున్నవాడితో తమిళంలో ఏదో అని నవ్వాడు. నాకు తమిళం రాదనుకున్నాడేమో. పొట్లం అక్కడే బల్ల మీద వదిలేసి వచ్చాను. మర్యాదగా చెప్పి ఉంటే తెచ్చుకునేవాణ్ణే.

లాక్ బిగించాక మొదటి రోజే ఏరు దాటాను. జీపు ఆగలేదు, తడబడలేదు. బావ గట్టు మీదే ఉన్నాడు. బాగుందనడానికి నోరు రాలేదు.

తోటలకు పోయేటప్పుడు ఏటికి ముందు దారి రెండుగా చీలుతుంది. కుడి దారి ఏటిలోకి దిగుతుంది. ఎడమ దారి ఒక చెరుకుతోట పక్కనుంచి లోపలికి పోతుంది. ఆ చీలిక దగ్గర జీపు ఎడమకు లాగడం మొదలుపెట్టింది. ఇలాంటి లాక్ ఉన్నప్పుడు ఒక టైరు ఎక్కువ అరిగితే బండి ఒక పక్కకు పోతుందని మెకానిక్ అన్నాడు. రెండు టైర్లూ మార్చాను. మిగతా దారంతా నేరుగానే పోయేది. ఆ చీలిక దగ్గర మాత్రం లాగేది.

అప్పుడే గేటును గమనించాను. ఎడమ దారిలో కొంత దూరాన ఇనుప గేటు. మలుపులో టక్ టక్ మనగానే అది తెరుచుకునేది. మసక వెలుతురులో ఒక ముసలామె రెక్క పట్టుకుని నిలబడేది. నేను కుడికి దిగిపోయేదాకా అలాగే ఉండేది. మర్నాడు మళ్లీ అంతే.

ఆడి కృత్తిక దగ్గరపడిన ఒక వాన పొద్దున జీపు ఆపాను. కాదు, అది ఎడమకు పోయి గేటు ముందు ఆగింది. ఆమె నా ముఖం చూడలేదు, వెనక చక్రం వైపు చూస్తోంది.

"ఇంత పొద్దు చేసినావే. లోపల పెట్టు, తడస్తా ఉండాది," అంది. తర్వాత నన్ను చూసింది. భయపడలేదు. "నువ్వు యెవురైనా గానీ నాయనా, ఆ శబ్దం మా ఇంటిది."

ఆ సంగతి అక్కకు చెప్పడమే పొరపాటు. అది బావ చెవిన పడింది. ఇరుక్కుంటే పూలు ఎక్కించనన్న మనిషే ఇప్పుడు అడ్డం తిరిగాడు. చచ్చినోని సామాను ఉన్న బండిలో సామికి పూలు పోకూడదన్నాడు. దాన్ని పీకేస్తే నేను ఏరు దాటలేను. పీకకపోతే ఆయన ఎక్కించడు. ఎటు తిరిగినా పూలు పోయేవి నావే. అక్క మాత్రం ఆవు మట్టి సంగతి గుర్తుచేసి, మట్టి తెస్తే బావను ఒప్పించడం తన పని అంది.

తిరువళ్లూరు వెళ్లాను. ఆ పాత జీపును అప్పటికే ముక్కలు చేసి అమ్మేశారు. అంగడాయన నన్ను చూసి తెలిసినట్టు తలాడించాడు. ఏమీ అడగకుండా వచ్చేశాను.

ఇక ఆ గేటు దగ్గరికే పోయాను. విషయం చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. ఖాళీ షెడ్డులోకి వెళ్లింది. జీపు నిలిచిన చోట నేల నూనె పీల్చి నల్లగా ఉంది. అక్కడ పిడికెడు మట్టి తవ్వి, పాత చీర పేలికలో మూటకట్టి, నా చేతికివ్వకుండా తానే సీటు కింద పెట్టింది. వెనక చక్రం మీద చెయ్యి ఉంచింది.

"ఇంగ ఇక్కడ నీకేం పని లేదు, పో," అంది. ఆ మాట నాతో కాదు.

మర్నాడు జీపు లాగలేదు. గేటు తెరుచుకోలేదు. బావ పూలబుట్టలు ఎక్కించి, నమ్మకం కుదరక తానూ పక్కన కూర్చున్నాడు. ఏరు దాటాం. ఒడ్డెక్కి చీలిక దగ్గరికి వచ్చాం. టక్ టక్. గేటు మూసే ఉంది. దాని వెనక, పలకల సందులో తెల్లగా ఏదో కదిలింది.

"బండి బాగానే పోతా ఉండాది గదరా," అన్నాడు బావ, గొంతు తగ్గించి. "స్టీరింగ్ నువ్వు యెందుకు ఆ గేటు పక్కకు తిప్పుతా ఉండావు?"

చూసుకున్నాను. తిప్పుతున్నవి నా చేతులే.

స్టీరింగ్ సరిచేసి తారురోడ్డు ఎక్కించాను. పూలు వేళకే అంగడికి చేరాయి. ఆడి కృత్తిక పూలన్నీ ఆ ఏడు నా జీపులోనే పోయాయి. ఆ ప్రశ్నకు మాత్రం నేను జవాబివ్వలేదు. ముందు ఆయన ఆ రెండో ముడి సంగతి చెప్పాలి.