తేదీ చెరిపిన చుక్క

మా తోడికోడలు బిందుమాధవి మిరపకాయల్లో పాడైన తాలుకాయ ఏరడం రాని మనిషేం కాదు. గుంటూరు మిర్చి యార్డులో దళారీ కూతురు. పర్చూరు దగ్గర మా ఇంటికి కాపురానికొచ్చాక మాత్రం కళ్ళంలో కంటే కంప్యూటరు ముందే ఎక్కువ కూర్చుంది. నేను ఎండలో మాడుతుంటే ఆవిడగారు ఫ్యాను కింద చచ్చిపోయిన నక్షత్రాన్ని చూసుకుంటూ ఉండేది. ఒళ్ళు మండదా మరి?

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "చచ్చినదాన్ని ఇన్నేళ్ళు చూడ్డమేంటే?"

కోప్పడలేదు, కూర్చోబెట్టి చెప్పింది. వేరే గెలాక్సీలో ఒక పెద్ద నక్షత్రం పేలిపోయిందట. ఆ పేలుడు మనకు కనిపించి ముప్పై ఏళ్ళు దాటింది. కంటికి కనిపించే వెలుగు ఎప్పుడో ఆరిపోయినా, పేలుడు విసిరిన పదార్థం చుట్టూ ఉన్న వాయువును ఇంకా గుద్దుతూనే ఉంటుందట. ఆ గుద్దుడుకు రేడియో తరంగాలు పుడతాయి. పూణె అవతల పొలాల మధ్య నిలబెట్టిన పెద్ద గిన్నెల్లాంటి యాంటెనాలు వాటిని పట్టి పంపితే, ఈవిడ బొమ్మలుగా మార్చి, అందులోని చుక్క వెలుగు కొలుస్తుంది.

"వయసు మీదపడే కొద్దీ వెలుగు తగ్గాలక్కా. ఇది తగ్గి తగ్గి, ఈసారి మొదటి బొమ్మను మించి వెలిగింది" అంది. చావకముందెప్పుడో ఆ నక్షత్రం వదిలేసిన దట్టమైన పొర ఇప్పుడు అడ్డు తగిలి ఉంటుందని ఆమె లెక్క. పీహెచ్‌డీ మొత్తం ఆ ఒక్క పెరుగుదల మీదే నిలబడింది.

గడువు పెట్టింది మా మామగారు అంకమ్మరావు. "ఈ కోతలయ్యేలోపు అది తేలాలి. తేలకపోతే చదువు మానేసి ఏ కాలేజీలోనన్నా ఉద్యోగం చూసుకోవాలి" అన్నాడు. ఆ మాట అనేదాకా ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది నేనే.

కోతలు చివరికొచ్చాయి. ఒక ఉదయం బిందు గైడు జయరావుగారు ఫోన్ చేసి, సాయంత్రం ఆమె రాసిన పేపరు సైన్సు పత్రికకు పంపేస్తున్నానన్నారు. సంబరపడుతుందనుకున్నాను. మధ్యాహ్నం అన్నం కలిపి, ముద్ద నోట పెట్టకుండానే లేచింది. నన్ను గదిలోకి లాక్కెళ్ళి తలుపేసింది.

"అక్కా, మా నాన్న యార్డులో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని రేటు చెప్పేవాడు. పక్కవాడి రేటు తెలిస్తే మనసు అటు లాగుద్దని. నాకు అదే భయం పట్టుకుంది. ఏ బొమ్మ కొత్తదో తెలిసే కొలిచాను ఇన్నాళ్ళూ."

అన్నీ కలిపి ఐదు బొమ్మలు. బొమ్మల మీద తేదీలు తీసేసిన నకళ్ళు తయారు చేసింది. తను వరండాలో ఉంటుందట, ఫైలు పేర్లలో మాత్రం ఏడాది ఉంది, నేను ఆ పేర్లు మార్చి కలిపేయాలట. ఎలా మార్చాలో చూపించి వెళ్ళిపోయింది. ఏం పేర్లు పెట్టను? నోటికొచ్చిన కూరగాయలు పెట్టాను. అన్నిటికంటే పాతది వంకాయ, మధ్యవి బెండ, దోస, పొట్ల. కొత్తది కాకర.

"వెనక కూర్చో. నీ మొహం నాకు కనపడకూడదు" అంది లోపలికొచ్చి.

చుక్క చుట్టూ గీత గీస్తే పక్కన అంకె వస్తుంది. గీత కాస్త పక్కకు జరిగినా గెలాక్సీ వెలుగు కూడా లోపలికొచ్చి అంకె పెరుగుతుంది. ముందు దోస కొలిచింది, తర్వాత పొట్ల. ఆ తర్వాత కాకర తెరిచింది. ఆమె లెక్క నిజమైతే దీనికే పెద్ద అంకె రావాలి. గీసింది, చెరిపింది, మళ్ళీ గీసింది. ముందు రెండింటికంటే చిన్న అంకె వచ్చింది.

"అక్కా, నీ ఊపిరి వినపడుతోంది" అంది తల తిప్పకుండా.

బిగబట్టుకున్నాను. బెండ అయ్యాక వంకాయకు అన్నిటికంటే పెద్దది వచ్చింది. మొదటినుంచి మళ్ళీ కొలిచింది, మళ్ళీ అంతే.

"వంకాయేనా కొత్తది?" అని అడిగింది. గొంతులో ఆశ ఉంది.

అవునంటే చాలు. పేపరు వెళ్ళిపోతుంది, చదువు తేలిపోతుంది, ఈవిడ నాతోపాటు కళ్ళంలోకి వస్తుంది. నేను కోరుకున్నదీ అదే. కానీ నా మాట కోసం అలా గోడకేసి చూస్తూ కూర్చున్న పిల్లకి అబద్ధం చెప్పలేకపోయాను.

"కాదే. వంకాయ అన్నిట్లోకి పాతది. కొత్తది కాకర."

బిందు ఇదివరకటి కొలతలు తెరిచి చూపించింది. పాత బొమ్మల్లో గీత చుక్కను ఒరుసుకుని ఉంది. కొత్తదాంట్లో వదులుగా, గెలాక్సీ వెలుగును కలుపుకుని ఉంది.

"కావాలని గీశావా?"

"లేదక్కా. పెరగాలని ఉంది గదా, చెయ్యి అటు పోయింది." అప్పటికి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కాసేపటికి కళ్ళు తుడుచుకుని ఫోన్ తీసి స్పీకరు పెట్టింది.

"సార్, పేపరు పంపకండి. వెలుగు పెరగలేదు."

"ఎవరు కొలిచారమ్మా?" అన్నారు జయరావుగారు.

"నేనే సార్. ఏది ఏదో తెలియకుండా కొలిచాను."

"మరి నీ థీసిస్?"

"తగ్గుతోందనే రాస్తాను. అన్నీ మొదటినుంచి కొలవాలి సార్. ఏడాది పడుతుంది."

తలుపు తీసేసరికి మామగారు కళ్ళం నుంచి వచ్చి వరండాలో కాళ్ళు కడుక్కుంటున్నాడు. "ఏమ్మా చిన్నమ్మాయ్, ఇవాళతో అయిపోయినట్టేనా?"

బిందు నా వైపు చూసింది.

"అవలేదు మామయ్యగారూ. ఇంకో ఏడాది పడుద్ది" అన్నాను నేను.

ఆయన చెంబు కింద పెట్టాడు. "అదేంటే పెద్దమ్మాయ్? దీని చదువు ఎప్పుడు ఆగుద్దని నన్ను కాల్చుకుతిన్నది నువ్వే గదా."

"నేనే. అబద్ధం రాసుంటే ఇవాళే అయిపోయేది. దాన్ని చదువుకోనీండి."