నానమ్మ బొట్టు పెట్టిన తత్వవేత్తలు

ఖానాపురం హవేలి కాలనీలోని మా ఇంట్లో చెమ్మ పట్టని గది ఒక్కటే. అందులో ఎప్పుడో చనిపోయిన తెల్లవాళ్ళు ఉండేవాళ్ళు, ఏసీ వేసుకుని. బతికే ఉన్న మా నానమ్మ మాత్రం తుంటి విరిగాక హాల్లో, టీవీకీ చెప్పుల స్టాండుకీ మధ్య మంచం మీద పడుకునేది.

ఆ తెల్లవాళ్ళను తెచ్చింది మా నాన్న. బొగ్గు బావిలో పనిచేసి రిటైరైనవాళ్ళు మామూలుగా ప్లాట్లు కొంటారు, లేదా భజనల్లో చేరతారు. ఈయన ఆన్‌లైన్ వేలాల్లో పాత ఫోటోలు కొన్నాడు. తత్వవేత్తలు, శాస్త్రవేత్తలు. దాదాపు అందరికీ గడ్డాలు, అందరికీ మన మీద కోపం, అందరికీ కింద సంతకం. ఆ సంతకమే ముఖ్యమట. "వీళ్ళు నాకు తండ్రుల్లాంటోళ్ళురా. ఈ కాగితాన్ని ఆ చెయ్యి తాకింది" అని కళ్ళు తుడుచుకునేవాడు.

"ఉల్లిగడ్డలు కోసేది నేను, ఏడ్చేది ఆయన" అనేది అమ్మ వంటింట్లోంచి.

రిటైరయ్యాక కొన్నాళ్ళు ఇల్లెందు వైపు అడవి పక్కన క్వార్టర్‌లో ఉన్నప్పుడు వానాకాలం గోడలు కారి రెండు ఫోటోలకు బూజు పట్టింది. అప్పటినుంచి పొడి గది వాటిదే. నానమ్మ తుంటి విరిగాక ఆ గది గురించి ఇంట్లో రోజూ యుద్ధమే. చివరికి అమ్మ ఒప్పందం పెట్టింది. హైదరాబాద్ నుంచి ఫోటోలు పరీక్షించే ఒకాయన వస్తానన్నాడు. ఒక్కటైనా అసలుదని ఆయన చెబితే గది ఫోటోలది. అన్నీ నకిలీ అయితే నానమ్మది. నాన్న ధీమాగా సరే అన్నాడు. సాక్షిని నేను. సాక్షికి టీ కూడా ఇవ్వలేదు.

ఆయన వచ్చింది సరిగ్గా పెత్రమాస నాడు, పోయిన పెద్దలకు పెట్టుకునే రోజు. ఫోటోల మీది అద్దాలు తీసి ఉంచమని ముందే ఫోన్‌లో చెప్పాడట. నాన్న ఫోటోలన్నీ ఫ్రేముల్లోంచి తీసి, గదిలో బల్ల మీద దుప్పటి పరిచి వరసగా పెట్టి, ఆయన్ని తీసుకురావడానికి బండి మీద బస్టాండుకు వెళ్ళాడు. అమ్మ గారెలు వేస్తూ నన్ను విస్తరాకులకు పంపింది.

నేను తిరిగి వచ్చేసరికి నానమ్మ వాకర్ పట్టుకుని ఆ గదిలో ఉంది. ఒక్కో ఫోటోను తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, నుదుటి మీద పసుపు, పైన కుంకుమ. ఆఖరి వరసలోని బట్టతలాయనకు నుదురు ఎక్కడ ఆగుతుందో తెలియక కాస్త పైకే పెట్టింది.

నాన్న లోపలికి వచ్చాడు, వెనకాల ఆ పెద్దమనిషి.

"అమ్మా! గిదేం పనే?"

"ఏందిరా ఒర్రుతున్నవ్? తండ్రులంటివి గదా. అమాస నాడు తండ్రులకు బొట్టు లేకుంటె ఎట్ల?"

"అవి పాడైపోతయే! వాళ్ళెంత గొప్పోళ్ళో తెల్సా నీకు?"

"గొప్పోళ్ళయితే బొట్టొద్దా? కన్న తండ్రి ఫోటోనేమో ఫ్రిజ్ మీద వెట్టినవ్. వీళ్ళకేమో ఏసీ!"

వచ్చినాయన గొంతు సవరించుకుని, భూతద్దం తీసి పని మొదలుపెట్టాడు. "ఇది అచ్చు సార్. ఇదీ అచ్చే. సంతకంతో సహా ప్రెస్సులో వేసినవి. అందుకే తడిసినా ఏం కాలేదు." వరస తర్వాత వరస, అదే మాట. నాన్న గోడకు ఆనుకున్నాడు. అమ్మ గుమ్మంలోంచి నాకు మంచం వైపు కళ్ళతో సైగ చేసింది.

బట్టతలాయన దగ్గర మాత్రం భూతద్దం ఆగింది. ఫోటో కింద ఊదారంగు మరక, మబ్బులా.

"ఇది చేత్తో పెట్టిన సంతకమే సార్. సిరా కారింది చూడండి. పొద్దుటి దాకా అసలుదే."

నాన్న గోడ వదిలి ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు. "విన్నవా? అసలుదే అన్నడు! గది ఫోటోలదే!"

"సంతకమేది? సూపియ్" అంది అమ్మ.

"ఇప్పుడు లేదు. గానీ ఉండె."

"ఉండె అంటే మా మామ గూడ ఉండె. ఆయనకు ఇస్తవా రూమ్?"

ఆ పెద్దమనిషి వెనక్కి బస్సు ఎన్నింటికని నన్ను అడిగాడు. అమ్మ ఆయన్ని తినకుండా పంపలేదు. గారెలు బాగున్నాయన్నాడు. ఆ రోజు మా ఇంట్లో ఎవరైనా ఎవరినైనా మెచ్చుకోవడం అదొక్కసారే.

ఆయన వెళ్ళగానే అమ్మా నేనూ మంచం ఎత్తాం. నాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఒక చేతిలో ఊదా మరక ఫోటో. మా వెనక నుంచి వాకర్ చప్పుడు దగ్గరికి వచ్చి ఆగింది.

"జరుగురా."

"నేను ఓడలే అమ్మా."

"ఓడకు. జరుగు."

జరిగాడు. మంచం కోడు గుమ్మంలో ఇరుక్కుంది. ఆయన చెయ్యి వెయ్యలేదు, మేమూ అడగలేదు. అడ్డం తిప్పి, గోడ సున్నం గీరుకుపోతున్నా లాగి, లోపల వేశాం.