మా అక్క ఆది జాకెట్టు

మొన్న సత్తెనపల్లిలో కొత్త టైలరమ్మాయి ఎవరిదో గుడ్డ కత్తిరిస్తూ, "ఆది జాకెట్టు తెచ్చారా అండీ?" అంది. గుడ్డలో కత్తెర నడిచే ఆ కరకర చెవిన పడిందో లేదో, నాకు మస్తాన్‌బీ గారు గుర్తొచ్చారు. మా వీధి చివర మిషను పెట్టుకుని ఊళ్లో ఆడవాళ్లందరికీ బట్టలు కుట్టిన మనిషి. నేను పిన్నీ అనేదాన్ని. కొలతల కోసం పాత జాకెట్టు ఆదిగా ఇవ్వడం మా వైపు మామూలే. ఆవిడ మాత్రం చచ్చినా తీసుకునేవారు కాదు. "పోయినేటి మనిషివేనా నువ్వు? చేతులెత్తు" అని టేపు తీసేవారు.

డిగ్రీ అయ్యాక నేను టీచరు పరీక్ష రాసి తప్పాను. మా అక్క టీచరు, కనుక నేనూ టీచరునే అని ఇంట్లో ఎప్పుడో తేలిపోయింది. నాన్న గుంటూరులో కోచింగుకు మాట్లాడి వచ్చారు. సోమవారం ప్రయాణం. అమ్మ జాకెట్టు ముక్కలూ, అక్క ఆది జాకెట్టూ చేతిలో పెట్టి, "ఇద్దరిదీ ఒకటే ఒళ్లు, దీని ప్రకారం కుట్టమను" అంది. నా మొహం, నేనూ అలాగే పట్టుకెళ్లాను.

"ఎవరిదమ్మా ఇది?" అన్నారు పిన్ని.

"మా అక్కది."

"వేసుకునేది నువ్వేగా?"

టేపు నా భుజం మీద వేసి, ఎక్కడికి వేసుకెళ్తావని అడిగారు. కోచింగుకన్నాను. "సరే, పాసయ్యావే అనుకో. ఉద్యోగమూ వచ్చింది. మర్నాడు పొద్దున్నే లేచి ఏం చేస్తావు?" అని గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకున్నారు. ఇక ఆవిడ మాట్లాడరు, మనమే మాట్లాడాలి. నాకు ఒళ్లు మండింది. ఏదో ఒకటి అనేస్తే పోతుందని, "పెరట్లో మిరప నారు లేచిందో లేదో చూస్తా" అన్నాను. ఆవిడ గడ్డం ఎగరేశారు, తర్వాత అన్నట్టు. నీళ్లు చల్లుతానన్నాను. ఏ మడి ఆలస్యంగా మొలిచిందో, పక్క చేలవాళ్లు నా నారే ఎందుకు అడుగుతారో చెప్పుకుంటూ పోయాను. బడి మాట ఒక్కసారైనా నా నోట రాలేదు. అది నాకే తట్టి ఆగిపోయాను. ఏడుపు తన్నుకొచ్చింది.

పిన్ని సూదులు తీసి, "గుడ్డ ఉంచి వెళ్లు. కత్తెర పడితే మళ్లీ అతుక్కోదు. ఆదివారం దాకా కొయ్యను" అన్నారు. వెళ్లమనీ అనలేదు, మానమనీ అనలేదు. ఏదో ఒకటి చెప్పి చావొచ్చుగా అని ఎంత తిట్టుకున్నానో! అన్నం తింటున్నా అదే ప్రశ్న. ఆదివారం నాన్న ముందు నిలబడి, "నేను వెళ్లను నాన్నా, నారు పెంచి అమ్ముతాను" అన్నాను. "నారు పోసుకోవడానికా నిన్ను డిగ్రీ చదివించింది?" అని ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయారు. చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఇప్పుడు నారు పెంచే నా షేడ్‌నెట్ పందిట్లో ట్రేలకు నీళ్లు పట్టేది ఆయనే, నాకే పాఠాలు చెబుతూ.

ఆ సాయంత్రం పిన్నికి చెబితే, "అయితే చేతులు కురచగా పెడతాను, నీళ్లల్లో పని" అన్నారు, అంతే. నేనే ఉండబట్టలేక అడిగాను: "నాకు టీచరు పని ఇష్టం లేదని మీకెలా తెలిసింది పిన్నీ?"

ఆవిడ పకపకా నవ్వారు. "నాకేం తెలుసే! తెలియకేగా అడిగింది."

ఆ మాట నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. నా మంచి కోరి చెప్పినవాళ్లు బోలెడుమంది. నిజంగా తెలియక, తెలుసుకుందామని అడిగింది ఆవిడొక్కరే. ఆవిడ పోయారు. ఏటా నారు పోసేముందు ఆ ప్రశ్న నేనే వేసుకుంటాను, పొద్దున్నే లేచి ఏం చేస్తావే అని. జవాబు ముందే తెలిసినట్టు నటించను. ఒక్కో ఏడు జవాబు మారుతుంది కూడా.

టైలరమ్మాయి ఇంకా ఆది కోసం చెయ్యి చాపే ఉంది.

"తేలేదమ్మా. ఎంత మారానో నాకూ తెలియదు, కొలుచుకో" అని చేతులెత్తాను.