తప్పు చెప్పినా చప్పట్లే

మా మరమగ్గాల షెడ్డులో నా బిడ్డను అందరూ ‘కంప్యూటర్’ అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది నేనే. నేను ఏడో తరగతిలో బడి వదిలేసినవాణ్ణి. అప్పటినుంచి నోటితోనే నెట్టుకొస్తున్నాను. ఎవరినో ఒకరిని ఆటపట్టించనిదే నాకు చాయ్ దిగదు.

సెలవుల్లో బిడ్డను వెంట తీసుకుపోయేవాణ్ణి. చాయ్‌కి మరలు ఆపగానే నూలు మూట మీద నిలబెట్టి అడిగేవాణ్ణి.

“పదిహేడు పదమూళ్ళు ఎంతనే?”

“రెండు వందల ఇరవై ఒకటి.”

అందరం చప్పట్లు కొట్టేవాళ్ళం. లెక్క చేసి చూసినవాడు మాలో ఒక్కడూ లేడు.

“నీ బిడ్డేనారా గిది? దవాఖాన్ల మారిందేమో, జర అడిగిరాపో,” అనేవాడు పక్క మగ్గం కాక.

“తెలివి పుట్టుకతోనే రావాలె కాకా. నేర్చుకుంటే వచ్చేదైతే నీకెప్పుడో వస్తుండె,” అనేవాణ్ణి. బిడ్డ మూట మీద నిలబడి అన్నీ వినేది.

ఇప్పుడది నాలుగో తరగతి. గురుకులం ప్రవేశ పరీక్ష దగ్గరపడింది. మొన్న సార్ నన్ను బడికి పిలిచి, అది రాసిన మాదిరి పేపరు చూపించారు. తేలిక లెక్కలన్నీ చేసింది. తిరకాసువి ముట్టుకోనే లేదు.

“రాక కాదు. తప్పు పోతదని రాస్తలేదు. గిట్లయితే సీటు రాదు,” అన్నారు.

ఇంటికొచ్చి నాకు తెలిసిన విద్యే చెప్పాను. “పోగు తెగితే ఏం జేస్తం బిడ్డా? మర ఆపి ముడేస్తం, మళ్ళ నడిపిస్తం. తప్పు పోతే గంతే, ఇంకోసారి చెయ్యాలె.”

“నీకు తెగుతయి. నాకు తెలివి పుట్టుకతోనే వచ్చిందంటివి గదా,” అంది తలెత్తకుండా. “షెడ్డుల ఒకసారి తప్పు జెప్పిన బాపు. ఎవ్వలకు తెల్వలే. అందరు చప్పట్లు కొట్టిండ్రు,” అంది.

 

పరీక్షకు ముందురోజు పొద్దున నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. తిరకాసు లెక్క ఒకటి, పేజీ నిండా చేసింది.

“గిది కరెక్టేనా?”

ఒప్పేనని అనబోయాను. ఆ మాట షెడ్డులో చప్పట్లతో ఎన్నిసార్లు అన్నానో.

“నాకు తెల్వదు బిడ్డా. సార్‌ను అడుగుదాం పా.”

“వద్దు. నేనే మళ్ళ జేసి చూస్త.”

రబ్బరు తీసుకుని పైనుంచి చెరపడం మొదలుపెట్టింది. కాగితం చిరుగుతుందేమోనని నేను పేజీ అంచులు పట్టుకుని కూర్చున్నాను.