టేపు వేయమన్న ముద్దాయి

ఆర్విల్ హ్యూబ్నర్ కారు వెనకాల ఇరుక్కుంటే ఇల్లు చేరేసరికి మొక్కజొన్న కోతకొస్తుందని మా ఊళ్లో ఎగతాళి చేసేవాళ్లు. నెబ్రాస్కాలో మా రోడ్లు తాడు పట్టి గీసినట్టుంటాయి, కనుచూపు మేర ఎదురుగా బండి ఉండదు, అయినా ఆయన ట్రాక్టర్‌ని కూడా దాటేవాడు కాదు. ధాన్యం గోదాములో కాటా దగ్గర లారీలు తూచి రిటైరైన మనిషి. తూకంలో తేడా రానిచ్చేవాడు కాదు, మాటలోనూ అంతే. అలాంటివాడి పేరు డెబ్బయ్యో పడిలో ‘అతివేగం’ అన్న మాట పక్కన వారపత్రికలో అచ్చయ్యేసరికి కేఫ్‌లో కాఫీ తాగేవాళ్లకి పండగైపోయింది. అచ్చుతప్పు అయ్యుంటుందని పందేలు కాసినవాళ్లు కూడా ఉన్నారు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు సాగలేదు. ఆర్విల్ భార్య లవోన్ ఒక ఉదయం పెరట్లో బట్టలారేస్తూ కూలిపోయింది. డాక్టర్ చేయడానికి ఏమీ మిగల్లేదు. ఆర్విల్ చొక్కాలు సగం దండెం మీద, సగం బుట్టలో ఉండిపోయాయి.

సమాధి చేసిన వారానికి షెరీఫ్ ఆఫీసు డిప్యూటీ కర్ట్ టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అతివేగానికి జరిమానా టికెట్ రాసింది అతనే. చిన్నప్పుడు చర్చిలో ఆదివారం బడికి వెళ్లి లవోన్ దగ్గర పాటలు నేర్చుకున్నవాడు కూడా.

“హ్యూబ్నర్ గారూ, ఆ కేసు సంగతి మర్చిపోండి. కౌంటీ వకీలుతో మాట్లాడి కొట్టేయిస్తాను. నిన్న కాగితాలు రాయడానికి టేపు వేసి చూశాను. ఆవిడ గొంతు వినబడేసరికి నా వల్ల కాలేదండీ” అన్నాడు.

“ఏం టేపు?”

“మా కార్లకి కొత్తగా కెమెరాలు పెట్టారండీ. నా చొక్కాకి మైకు ఉంటుంది. బండి ఆపిన దగ్గర్నించీ అంతా రికార్డవుతుంది.”

ఆర్విల్ తలుపు చెక్క పట్టుకున్నాడు. “లవోన్ గొంతు ఉందా అందులో?”

“ఉందండీ.”

“నాకు ఇవ్వగలవా?”

“అది సాక్ష్యం కదండీ, ఇవ్వడానికి నాకు అధికారం లేదు. కేసు ముగిసిపోతే మళ్లీ దాని మీదే ఇంకోటి రికార్డు చేస్తాం.”

“అయితే కొట్టేయించకు” అన్నాడు ఆర్విల్. “నా మీద కేసు ఉండనీ.”

కర్ట్‌కి అర్థం కాలేదు. ఆర్విల్ బాధ వేరు. లవోన్ మాటలన్నీ ఆయనకి గుర్తున్నాయి, గొంతే జారిపోతోంది. రోజూ కాస్త కాస్త చెరిగిపోతున్నట్టుంది. ఫోనుకి మన గొంతుతో జవాబు చెప్పి మాటలు పట్టే మెషీను పెట్టిద్దామని ఆమె ఎన్నోసార్లు అడిగింది, దండగని ఈయనే వద్దన్నాడు. ఈయన అన్నగారి యాభయ్యో పెళ్లిరోజు విందులో ఎవరో వీడియో తీశారు కానీ, ఆమె కనబడిన చోటల్లా అకార్డియన్ వాయిద్యం మోతే. ఆ విందుకి వెళుతున్నప్పుడే వీళ్ల కారుని కర్ట్ ఆపింది. ఆమె ఒళ్లో రూబార్బ్ పై అనే తీపి వంటకం పెట్టుకుని కూర్చుంది. డిప్యూటీతో ఏదో జోకు వేసింది. ఫ్రేము గురించి. ఇంతే గుర్తుంది ఆయనకి. ఆ జోకు ఆమె గొంతులో ఒక్కసారి వింటే చాలనుకున్నాడు.

మర్నాడే టికెట్ పట్టుకుని కోర్టు ఆఫీసుకి వెళ్లాడు. అక్కడి గుమాస్తా ఆర్డిత్, లవోన్‌తో కలిసి బొంతలు కుట్టిన స్నేహితురాలు.

“ఏమయ్యా ఆర్విల్, నిన్ను ఇక్కడ చూడాల్సి వస్తుందనుకోలేదు. కూర్చో” అంది. “మొదటి టికెట్టుకి మూడు దార్లు. జరిమానా కట్టేస్తే ఇవాళే అయిపోయింది. లేదంటే ఒక పూట కూర్చుని ఎలా నడపాలో పాఠం వింటే కేసే ఉండదు. నీకు పాఠం చెప్పేవాణ్ని చూసి జాలిపడాలి గానీ, ఆ దారే మంచిది.”

“మూడోది?”

“మూడోది పోట్లాడటం. దొరికిపోయి కూడా పోట్లాడతామనే గడుసువాళ్లకి అది. నీకెందుకు?”

“టేపు దేంట్లో వేస్తారు?”

ఆర్డిత్ చేతిలో పెన్ను కింద పెట్టింది. ఆయన చెప్పిందంతా విని, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

“మూడోదాంట్లోనే. జడ్జిగారు అడిగినప్పుడు ‘నేరం చేయలేదు’ అనాలి నువ్వు.”

“కానీ చేశాను కదా. స్పీడోమీటర్ నా కళ్లతో చూశాను. దేవుడి మీద ఒట్టేసే చోట అబద్ధం ఎలా ఆడను?”

“అదిగో, ఇలా అంటావనే అనుకున్నా! అది అబద్ధం కాదయ్యా. కోర్టులో ఆ మాటకి అర్థం వేరు. ‘చేశానో లేదో మీరే రుజువు చేసుకోండి’ అని. ఒట్టు వేయించేది సాక్ష్యం చెప్పేటప్పుడు, అప్పుడు నువ్వు నోరు విప్పక్కర్లేదు. వాళ్లు టేపు వేయకపోతే వేయమని అడిగే హక్కు నీకుంది. సూటు వేసుకురా. అడిగినదానికే జవాబు చెప్పు. కర్ట్ మాట్లాడుతుంటే అడ్డు పడకు. నీ వంతు నీకు ఇస్తారు.”

“రుజువు చేసుకోండి” అని ఆర్విల్ తనలో తాను రెండుసార్లు అనుకున్నాడు. గొంతులో ముల్లు పడ్డట్టే ఉంది కానీ ఆ ముల్లు మింగడానికి సిద్ధపడ్డాడు.

వాయిదా దాకా ఆయన ఎలా బతికాడో పక్కింటివాళ్లకి తెలుసు. రోజూ కారు కడిగాడు. లవోన్ ఆరేయకుండా వదిలేసిన తన చొక్కాల బుట్టని ఉన్నచోటే ఉంచి, దాని చుట్టూ గడ్డి కోశాడు. సూటు మాత్రం ఇస్త్రీ చేయించాడు. సమాధి రోజున వేసుకున్న సూటు అది, ఆయనకి ఇంకోటి లేదు. ఆమెని చూడటానికి వెళుతున్నవాడిలా తయారయ్యాడనిపించింది చూసినవాళ్లకి. పాపం, ఆయన మనసులో ఉన్నది కూడా అదే.

కోర్టులో కౌంటీ వకీలు వయసులో చిన్నది, మెత్తని మనిషి. వసారాలో ఆయన్ని పక్కకి పిలిచి, “హ్యూబ్నర్ గారూ, నాకు విషయం తెలిసింది. ఈ కేసు నేను వెనక్కి తీసుకుంటాను. మీరు ఇంటికి వెళ్లండి” అంది.

“మీ దయ, కానీ వద్దమ్మా” అన్నాడాయన. ఊరంతా మంచితనంతో అడ్డం పడుతుంటే ఎంత కష్టమో ఆయనకి ఆరోజు తెలిసింది.

జడ్జిగారు కేసు చదివి, ఏమంటారని అడిగారు. ఆర్విల్ లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడిపోయాయి. “నేరం చేయలేదండీ” అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడంటే జడ్జిగారు మళ్లీ అడిగి చెప్పించుకున్నారు.

కర్ట్ ఒట్టు వేసి, రాడార్ ఏం చూపించిందో చెప్పాడు. ఆర్డిత్ చక్రాల బల్ల మీద టీవీ నెట్టుకొచ్చింది. ఆర్విల్ కుర్చీ అంచుకి జరిగాడు.

తెర మీద తమ కారు వెనక భాగం కనబడింది. వెనక అద్దంలోంచి రెండు తలలు. కర్ట్ నడిచి వెళ్లి కిటికీ దగ్గర వంగాడు. ఎందుకంత తొందర అని అడిగాడు.

“నాయనా కర్ట్, ఈయన మా పెళ్లికి చర్చికి కూడా ఇంత తొందరగా రాలేదు తెలుసా!” అంది లవోన్.

ఆర్విల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆమే. కొద్దిగా జీరతో, మాట చివర పైకి లేచే ఆ గొంతు ఆమెదే.

“నిజంగా అంత వేగంగా వెళ్లాడా? అయితే రాసి ఇవ్వు, ఫ్రేము కట్టించి ముందుగదిలో పెడతాను. లేకపోతే మా తోటికోడలు నమ్మదు!” ఆమె నవ్వింది. కోర్టులో కూర్చున్నవాళ్లు కూడా నవ్వారు. జడ్జిగారు కూడా నవ్వారు. ఆర్విల్ ఏడుస్తూ నవ్వాడు.

అప్పుడు టీవీలోంచి ఇంకో గొంతు వచ్చింది.

“నోరు మూసుకుంటావా లవోన్! ఎప్పుడు చూసినా వాగుడేనా? నీ వల్లే కదా ఆలస్యం!”

ఎవరా మనిషి అనుకున్నాడు ఆర్విల్ ఒక్క క్షణం. తనే. ఆ మాట అన్న సంగతే గుర్తులేదు. విందుకి చేరేలోపే మర్చిపోయి ఉంటాడు. విసుగులో అనేసే మాట కదా, అన్నవాడికి ఎందుకు గుర్తుంటుంది?

కర్ట్ టికెట్ రాయడానికి తన కారుకి తిరిగొచ్చాడు. మైకు అతని చొక్కాకే ఉంది కాబట్టి ఇప్పుడు పెన్ను గీతలు తప్ప ఏమీ వినబడటం లేదు. బొమ్మ మాత్రం నడుస్తోంది. అద్దంలో లవోన్ తల ఆర్విల్ వైపు తిరిగింది. కాసేపు అలాగే ఉంది. ఆర్విల్ తల కదల్లేదు. ఆమె ముందుకి తిరిగింది. మళ్లీ ఆయన వైపు తిరిగింది. ఏదో అన్నదో, అనబోయిందో. ఆయన రోడ్డు వైపే చూస్తున్నాడు.

“తిరగరా” అన్నాడు కోర్టులో ఆర్విల్, తెర మీద ఉన్న తనతో. పైకే అన్నాడు. ఎవరూ వారించలేదు.

ఆమె మూడోసారి తిరగలేదు.

కర్ట్ మళ్లీ వెళ్లి కాగితం అందించాడు. “జాగ్రత్తగా వెళ్లండి హ్యూబ్నర్ గారూ. వస్తానండీ లవోన్ గారూ” అన్నాడు. ఆర్విల్ చెవులు రిక్కించాడు. వీడ్కోలు చెప్పకుండా పోస్ట్‌మ్యాన్‌ని కూడా పోనిచ్చే మనిషి కాదామె. ఫోను పెట్టేసేటప్పుడు ‘ఉంటాను’ అని నాలుగుసార్లు అనేది. టేపులో గాలి చప్పుడే వినిపించింది. కారు కదిలి చిన్నదై పోయింది. ఆర్డిత్ టీవీ కట్టేసింది.

ఇప్పుడు ఆయనకి ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఆ సాయంత్రం విందులో ఆమె ఈ టికెట్ మాట ఎవరితోనూ అనలేదు. తన పరువు కాపాడిందనుకుని లోలోపల మెచ్చుకున్నాడు కూడా. అంత మంచి జోకుని లవోన్ కడుపులో దాచుకోవడమేమిటని ఆలోచించలేదు.

“హ్యూబ్నర్ గారూ, మీరేమైనా చెప్పుకుంటారా?” అని జడ్జిగారు అడిగారు.

ఆర్విల్ బల్ల పట్టుకుని లేచాడు. “నేరం నాదేనండీ. ఇందాక కాదన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను” అన్నాడు. టీవీ వైపు చూపించాడు. “అది నేనే.”

జడ్జిగారు కాగితాలు ముందుకి లాక్కున్నారు. చట్టంలో ఉన్న అతి తక్కువ జరిమానా వేసి, టేపు నకలు ఒకటి ఆర్విల్‌కి ఇప్పించమని చెప్పారు.

వసారాలో కర్ట్ ఆయన వెనకాలే వచ్చాడు. అతని కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి. “నకలు నేనే ఎక్కించి తెస్తానండీ. ఆవిడ నవ్వే దాకా ఎక్కించి ఆపేస్తాను. తర్వాతదంతా మనకెందుకు?” అన్నాడు.

ఆర్విల్ ఆ ముక్క కోసమే ఇన్నాళ్లు కాచుకున్నాడు. అతని భుజం మీద చెయ్యి వేసి, “వద్దు నాయనా. మొత్తం ఎక్కించు. ఆమె మొత్తం వింది కదా” అన్నాడు.

తర్వాత వెళ్లి కార్లో కూర్చున్నాడు. తాళం తిప్పలేదు. రోడ్డు వైపు చూడలేదు. పక్క సీటు వైపు పూర్తిగా తిరిగి కూర్చుని, “ఏంటి లవోన్, చెప్పు” అన్నాడు.