ఆగండి, ఖాయం

కొన్నేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. "ఆగండి." చిన్న మాటే. మోసి మోసి నా భుజం కాయ కాసింది. ఇవాళ దించేస్తాను, మీరు తిట్టుకున్నా సరే.

ఫోన్లో ఈ కార్ల పేజీ చదివేవాళ్లంతా నన్ను అన్నయ్యా అని పిలుస్తారు. నేను అన్నయ్యను కాను. భీమవరం దగ్గర ఐసు ఫ్యాక్టరీ నడిపే ఒకాయన భార్యను. అందుకు మాత్రం క్షమాపణ చెప్పను. ఆడపేరు పెట్టుకుని కార్ల గురించి రాస్తే మీలో ఎంతమంది చదివేవారు? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

నేను దాచిన తప్పు వేరే ఉంది.

రాబోయే చవక జపాన్ స్పోర్ట్స్ కార్ల గురించి ఊహించి రాయడం నాకు పిచ్చి. మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి, జపాన్ పత్రికలను ఫోన్లోనే తెలుగులోకి మార్చుకుని చదివేదాన్ని. మోటార్ షోలో ఏ నమూనా మీద తెర తీశారు, వెనక చక్రాలు తిప్పే బండేనా, పాత ఇంజినే మళ్లీ పెడతారా, ధర మనలాంటి వాళ్లకు అందుతుందా? అన్నీ రాసి, చివర్లో "ఇది అంచనా మాత్రమే" అని తప్పకుండా చేర్చేదాన్ని. ఒక్కసారి తప్ప.

మా ఆయనకూ ఇదే పిచ్చి. ఈ పేజీకి వీరాభిమాని. రాసేది నేనని ఆయనకు తెలియదు. అన్నం దగ్గర కూర్చుని నా మాటలు నాకే వడ్డించేవారు. "తేలిక బండికి పెద్ద ఇంజిన్ ఎందుకని రాశాడే అన్నయ్య. ఏం బుర్రే బాబూ ఆయనది!" అనేవారు. అదే ముక్క ముందురోజు నా నోటితో చెబితే "నీకేం తెలుసే" అని కొట్టిపారేసిన మనిషి. నవ్వొచ్చేది. ఒళ్లు మండిపోయేది కూడా.

రాజమండ్రిలో ఒక డాక్టరుగారు తన పాత రెండు తలుపుల జపాన్ బండి అమ్ముతున్నారని తెలిసి, ఇద్దరం చూడ్డానికి వెళ్లాం. ఎర్రగా, నేలకు అంటుకుపోయినట్టు ఉంది. మా ఆయన దాని చుట్టూ చిన్నపిల్లాడిలా తిరిగారు. నడిపి వచ్చాక ఆయన ముఖంలో వెలుగు చూడాల్సిందే! నేనూ ఉండబట్టలేక అడిగాను.

"ఒక్కసారి నేనూ నడిపి చూస్తానండీ."

"నీకెందుకే? గోదాట్లో పడేస్తావు. పక్కన కూర్చో, చాలు" అని డాక్టరుగారి ముందే పగలబడి నవ్వారు.

ఇంటికొచ్చాక రేపే అడ్వాన్సు ఇచ్చేస్తానన్నారు. ఆగండి, ఆలోచిద్దాం అన్నాను. పెళ్లయినప్పటి నుంచి ఎన్నిసార్లు ఆగండి అన్నానో! ఒక్కసారీ ఆగలేదు.

మర్నాడు ఆయన ఫ్యాక్టరీకి వెళ్లగానే పేజీలో రాశాను. "పాత బండ్ల జోలికి పోకండి. ఆగండి. వచ్చే ఏడాది చవక రెండు తలుపుల బండి మన దేశానికి వస్తోంది. ఖాయం." ఎక్కడా అలాంటి కబురు లేదు. శుద్ధ అబద్ధం. కింద అంచనా అన్న మాట రాయలేదు, కావాలనే రాయలేదు.

కాసేపటికి ఫోన్ వచ్చింది. "డాక్టరుగారికి వద్దని చెప్పేశానే. అన్నయ్య ఆగమన్నాడు."

ఆగిపోయారు! పెళ్లాం చెబితే ఆగని మనిషి, ముక్కూ మొహం తెలియనివాడు చెబితే ఆగాడు. ఆ రోజు నేను పడ్డ సంబరం దాచను. ఇల్లు గుల్ల కాకుండా కాపాడానని నాకు నేను చెప్పుకుని చూశాను. కాదు. అది కచ్చ. ఉత్త కచ్చ.

మరుసటి ఏడాది "కొంచెం ఆలస్యం" అని రాశాను. ఆ పై ఏడాదీ అదే. ఎర్ర బండిని ఎవరో కొనుక్కుపోయారు. నేను చెప్పిన బండి రాలేదు. ఈలోగా షుగర్ మా ఆయన కళ్లను తినేసింది. ఇక స్టీరింగు పట్టుకోవద్దని కంటి డాక్టరు చెప్పేశారు.

షుగర్ నేను తెప్పించానా? లేదు. ఆయన నవ్వింది తప్పు కాదా? తప్పే. అయితే చెల్లుకు చెల్లా? ఎన్నిసార్లు లెక్కేసుకున్నా కావడం లేదు. చూపున్న ఆ నాలుగు రోజులూ ఆయన చేతికి అందాల్సినదాన్ని నేనే అందకుండా చేశాను.

నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఇంట్లో ఉన్న మామూలు బండే నడుపుతున్నాను. ఆయన పక్కన కూర్చుంటున్నారు. మొన్న ద్రాక్షారామం వెళ్లి వస్తుంటే ఉన్నట్టుండి అన్నారు. "బాగా నడుపుతున్నావే. అన్నయ్య చెప్పిన బండి వస్తే నువ్వే నడుపుదువుగాని. నేను పక్కన కూర్చుంటాలే." రోడ్డు మసకబారింది. బండి పక్కకు తీసి ఆపేశాను. ఏమైందే అంటే కంట్లో పురుగు పడిందన్నాను. ఇంకో అబద్ధం.

నా మాట నమ్మి మీలో ఎవరు ఏ బండి వదులుకున్నారో నాకు తెలియదు. తిట్టండి, పడతాను. పేజీ మాత్రం మూయను. ఇకపైనా రాస్తాను, ఆడమనిషిగానే రాస్తాను. ఇష్టమైతే చదవండి, లేకపోతే లేదు.

ఆయనను ఫ్యాక్టరీ నుంచి తీసుకొచ్చే వేళయింది. చూపు తగ్గినప్పటి నుంచి పేజీ నేనే చదివి వినిపిస్తున్నాను. బండెక్కి తలుపు వేసుకోగానే "ఇవాళ అన్నయ్య ఏం రాశాడే?" అని అడుగుతారు. ఇవాళ రాసింది ఇదే. బండి స్టార్ట్ చెయ్యకుండా, మొదటి ముక్క నుంచి చదువుతాను. మధ్యలో "ఆగవే" అంటారు.

ఆగను.